తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చిన పొదుగువాపు: ఇంటి ఆవుకు ఏం చేయాలి, ముందుముందు రాకుండా ఏం చూసుకోవాలి

అమ్మా, మీరు చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ జెర్సీ సంకర ఆవు మూడో ఈత ఈని మూడు వారాలైంది. వారం కిందట వెనక కుడి చన్ను వాచి, పాలు పెరుగు తరకల్లా వచ్చాయి. ఊళ్లో సూదులు వేసే అబ్బాయి వచ్చి చన్నులోకి ఒక మందు ట్యూబ్ ఎక్కించి, మెడకు ఒక ఇంజెక్షన్ వేసి వెళ్లాడు. రెండో రోజుకే వాపు తీసేసింది, పాలు తెల్లబడ్డాయి, అంతటితో మందు ఆపేశారు. ఇప్పుడు అదే చన్ను మళ్లీ గట్టిపడింది. పసుపు రాసి చూశారు. అత్తగారు దిష్టి అంటున్నారు. పక్కింటివాళ్లు మందుల షాపులో ‘పవర్ ఎక్కువున్న’ ఇంజెక్షన్ అడిగి తెచ్చుకోమంటున్నారు. మిగతా మూడు చన్నుల పాలు పిల్లలకు పట్టొచ్చా అని కూడా అడిగారు.

చిత్తూరు జిల్లా పల్లెల్లో పశువుల డాక్టరుగా పనిచేసినన్నాళ్లూ నా దగ్గరికి ఎక్కువగా వచ్చిన జబ్బుల్లో ఇదొకటి. ఇంజెక్షన్ పేరు మాత్రం నన్ను అడగకండి. అదెందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ముందు ఈ పూట చేయాల్సింది చెబుతాను. ఆవు ఎలా ఉందో ఒకసారి పరీక్షగా చూడండి. మేత మానేసిందా, నెమరు వేస్తోందా, కళ్లు లోపలికి పీక్కుపోయాయా, జ్వరం ఉందా. ఆవుకు మామూలుగా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉంటుంది, 103 దాటితే జ్వరం కిందే లెక్క. తర్వాత ఆ చన్నును చేత్తో పట్టి చూడండి. వాచి వేడిగా ఉంటే కొంత టైముంది. అదే చన్ను చల్లగా తగిలి, తోలు నీలంగానో నల్లగానో మారుతుంటే మాత్రం లోపల కండ చచ్చిపోతోందని అర్థం. పాలు పసుపు నీళ్లలా పలచగా వచ్చి, ఆవు లేవలేక కూలబడినా అంతే అర్జెంటు. అప్పుడు తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్యశాల బండి రెండు రాష్ట్రాల్లోనూ ఈ నంబరు మీదే వస్తుంది. ఈనిన కొత్తలో ఆవు కూలబడితే ఊళ్లో అందరూ పాలజ్వరం, అంటే ఒంట్లో కాల్షియం పడిపోయే జబ్బు అనుకుని కాల్షియం సీసా కోసం పరిగెడతారు. నిజంగానే చాలాసార్లు అదే అయి ఉంటుంది. కానీ పొదుగులో విషం పుట్టి ఒళ్లంతా పాకినా ఆవు అలాగే పడుకుంటుంది, చెవులు అలాగే చల్లబడతాయి. అందుకే కూలబడిన ఆవుకు నాలుగు చన్నులూ పిండి చూడకుండా కాల్షియం ఎక్కించనివ్వకండి.

మీరు రాసినదాన్నిబట్టి మీ ఆవు మేస్తోంది, నిలబడే ఉంది. అంటే ప్రాణానికి ఇప్పుడే ముప్పు లేదు. పోయేది చన్ను. దాన్ని కాపాడుకునే పని చూద్దాం.

జబ్బు ఎందుకు తిరగబెట్టింది? వాపు తీయడం వేరు, లోపలి క్రిమి చావడం వేరు. మందు పడగానే క్రిములు చాలావరకు చస్తాయి, వాపు తగ్గుతుంది, పాలు చూడ్డానికి తెల్లగా వస్తాయి. మిగిలినవి పాలగ్రంథుల లోతుల్లో దాక్కుంటాయి. స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి ఈ దాక్కునే విద్యలో ఆరితేరింది. పొదుగు కండలో చిన్నచిన్న చీముగడ్డలు కట్టుకుని, వాటి మధ్యలో మందు అందని చోట కూర్చుంటుంది. రెండు రోజులకే మందు ఆపేస్తే అవే మళ్లీ పెరుగుతాయి. సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల కోర్సు ఉంటుంది. పాలు తెల్లబడిన తర్వాత వాడే ఆ మిగతా రోజుల మందే అసలు పని చేసేది. డబ్బు మిగిల్చామనుకుని చాలామంది ఆపేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు రెండో విడత మందు మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఆ చన్ను పాలు పరీక్షకు తీయండి. మందు పడ్డాక తీస్తే పరీక్షలో చాలాసార్లు ఏమీ తేలదు కాబట్టి ముందే తీయాలి. మందుల షాపులో దొరికే మూత ఉన్న స్టెరైల్ సీసా ఒకటి తెచ్చుకోండి. చన్ను కడిగి, పొడిగా తుడిచి, కొనను స్పిరిట్ దూదితో రుద్దండి. మొదటి నాలుగైదు ధారలు వేరే డబ్బాలోకి పిండేయండి. సీసాను నిలువుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుని ఐదు పది మిల్లీలీటర్లు పట్టండి. నిలువుగా పడితే పొట్ట మీది వెంట్రుక, పేడ పొడి లోపల రాలతాయి, అప్పుడు ల్యాబ్‌లో పెరిగేది ఆ పేడలోని క్రిమే. సీసాను ఐసులో పెట్టి ఆ రోజే మీ పశువుల ఆసుపత్రి ద్వారా జిల్లా వ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు పంపించండి. తిరుపతి వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మీకు దగ్గరైతే నేరుగా అక్కడ అడగొచ్చు. ఏ క్రిమి ఉంది, ఏ మందుకు లొంగుతుంది అన్నది ఈ పరీక్షలో తెలుస్తుంది. రిజల్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంతవరకు వైద్యం ఆపక్కర్లేదు. డాక్టరు తన అంచనా మీద మొదలుపెడతారు, రిజల్టు చూసి అవసరమైతే మందు మారుస్తారు. ఒక ఆవుకు పనిచేసిన ఇంజెక్షన్ పక్క ఆవుకు పనిచేయకపోవడానికి కారణం క్రిమి వేరు కావడమే. పేరు రాయనన్నది ఇందుకే. ‘పవర్ ఎక్కువున్న’ మందు అనేది లేదు, ఆ క్రిమికి తగిన మందు అనేదే ఉంది.

ఇక వైద్యంలో సగం మీ చేతుల్లోనే ఉంది. చన్నులో చెడిపోయిన పాలు ఉన్నంతసేపూ అవి క్రిములకు మేతే. అందుకే పగటిపూట రెండు మూడు గంటలకొకసారి ఆ చన్ను పూర్తిగా పిండేయాలి. నొప్పితో ఆవు తన్నుతుంది. గట్టిగా లాగకుండా నెమ్మదిగా, వీలైతే దూడను ఎదురుగా కట్టేసి పిండండి. పాలు దిగడం లేదని దొంగచాటుగా అమ్మే చేపు ఇంజెక్షన్లు తెచ్చి పొడవకండి. అది డాక్టరు అవసరమనుకుంటే కొలత ప్రకారం ఇచ్చే మందు.

పిండిన చెడ్డ పాలు ఎక్కడ పోస్తున్నారు? నేను చూసిన కొట్టాల్లో సగానికి పైగా అక్కడే గచ్చు మీదికి, ఆవు కాళ్ల దగ్గరికే పిండేస్తారు. కాసేపటికి ఆవు అక్కడే పడుకుంటుంది, తతిమ్మా మూడు చన్నులూ ఆ తడిలోనే ఆనుతాయి. ఒక పాత డబ్బాలోకి పిండి, కాస్త బ్లీచింగ్ పౌడర్ కలిపి, కొట్టానికి దూరంగా గుంటలో పోయండి. కుక్కకు పోయొద్దు, దూడకు అసలే వద్దు. పెయ్యదూడ అయితే రేపు ఆవయ్యేది అదే. ఆ పాలు తాగిన మూతితో మరో దూడ పొదుగును చప్పరిస్తే జబ్బు అప్పుడే అంటుకుంటుంది.

కాపడం విషయంలో ఇంటికొక మాట చెబుతారు. వాపు వేడిగా, ఎర్రగా ఉన్నప్పుడు చన్నీళ్లు. బకెట్ నీళ్లలో గుడ్డ తడిపి పది నిమిషాలు పెట్టి తీస్తూ ఉండండి. వేడి తగ్గి, గట్టి మాత్రం మిగిలితే అప్పుడు గోరువెచ్చటి కాపడం పెట్టండి. మొదటి రోజే వేడినీళ్ల కాపడం పెడితే వాపు ఇంకా పెరుగుతుంది. ఏది పెట్టినా తర్వాత పొడిగుడ్డతో తుడవాలి.

ట్యూబ్ ఎక్కించడం చూడ్డానికి తేలిక. చేసే పద్ధతిలో తేడా వస్తే అదే కొత్త జబ్బు. ముందు చన్ను పూర్తిగా ఖాళీ చేయాలి. పాలమీద మందు ఎక్కిస్తే పలచబడి వృథా అవుతుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, స్పిరిట్ దూదితో చన్నుకొనను రుద్దాలి, దూదికి మురికి అంటడం ఆగేదాకా. ట్యూబ్ మూతికున్న సన్నని గొట్టాన్ని మొత్తం లోపలికి దించక్కర్లేదు, కొన మాత్రం మూడు నాలుగు మిల్లీమీటర్లు దూరితే చాలు. చన్నురంధ్రం లోపలిగోడకు మైనం లాంటి పొర ఒకటి ఉంటుంది, క్రిమిని ఆపే కాపలా అదే. గొట్టం పూర్తిగా దించితే ఆ పొర చీలుతుంది, పైగా కొన దగ్గరున్న మురికి లోతుకు పోతుంది. మందు ఎక్కించాక చన్నును పైకి నిమిరి వదిలేయండి. సాయంత్రం పాలు పిండాక ఎక్కిస్తే రాత్రంతా లోపల నిలుస్తుంది. ఆవు మరీ నలతగా ఉండి రాత్రి కూడా పిండాల్సివస్తే మందు ఎప్పుడెక్కించాలో డాక్టరునే అడగండి. ఒకే సీసాలోంచి సిరంజితో తీసి ఊళ్లో పది ఆవులకు ఎక్కించే పద్ధతి కొన్నిచోట్ల ఇంకా ఉంది. దానివల్ల బూజు జాతి క్రిములు పొదుగులో చేరతాయి. వాటికి మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయకపోగా జబ్బు ముదురుతుంది. ఒక్కో చన్నుకు ఒక్కో కొత్త ట్యూబ్ వాడాలి, దాన్ని మీ కళ్లముందే విప్పాలి.

చన్ను మూసుకుపోయిందని చీపురుపుల్ల, వేపపుల్ల, సైకిల్ వాల్వ్ ట్యూబ్ లోపల పెట్టేవాళ్లను చూశాను. దయచేసి ఎవరినీ చేయనివ్వకండి. ఇలా పెట్టిన చన్నుల్లో చాలావరకు బాగుకావు. లోపల గాయం మానేటప్పుడు కండ పెరిగి దారి పూర్తిగా మూసుకుపోతుంది.

నొప్పికీ జ్వరానికీ ఇచ్చే ఇంజెక్షన్‌ను మాత్రం తక్కువగా చూడొద్దు. నొప్పి తగ్గితే ఆవు చేపుతుంది, చేపితే చన్ను ఖాళీ అవుతుంది. దీనికి మెలోక్సికామ్ ఎక్కువగా వాడతారు. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని 2006లోనే నిషేధించారు, 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా. ఈ మందులు పడిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడై చచ్చిపోతున్నాయని తేలింది. మనుషుల మందుల షాపులో డైక్లోఫెనాక్ ఇప్పటికీ చవగ్గా దొరుకుతుంది కాబట్టి ఎవరైనా తెస్తే వద్దని చెప్పండి.

పసుపు రాశామన్నారు, మంచిదే, కానీ ఒట్టి పసుపు చాలదు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ, అదే ఎన్‌డీడీబీ, పొదుగువాపుకు ఒక మూలికా పూత ప్రచారం చేస్తోంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలంలో వేసుకునే సున్నం 15 గ్రాములు కలిపి నూరితే ఎర్రటి ముద్ద అవుతుంది. ఇది ఒక రోజుకు సరిపోయేది. చన్ను పిండి, పొదుగు కడిగి తుడిచాక పిడికెడు ముద్దను నీళ్లలో పలచగా కలిపి పొదుగంతా పూయాలి. రోజుకు ఎనిమిది పది సార్లు, ఐదు రోజులు. అన్నిసార్లా అని విసుక్కుని రెండుసార్లు పూసి పనిచేయలేదంటారు. నా అనుభవంలో వాపు తొలిదశలో ఇది బాగా ఉపశమనం ఇస్తుంది, ట్యూబులకు తోడుగానూ పనికొస్తుంది. జ్వరం వచ్చి మేత మానేసిన ఆవుకు, మీ ఆవులా తిరగబెట్టిన కేసుకు దీన్నే నమ్ముకుని కూర్చోవద్దు. పాలు పిండే ముందు పూత శుభ్రంగా కడిగేయండి, లేకపోతే పాలన్నీ పసుపే.

అత్తగారి దిష్టి సంగతి. తీయనివ్వండి, దానివల్ల ఆవుకు నష్టం లేదు. తీసిన మర్నాడు డాక్టరును పిలుద్దాం అంటే మాత్రం ఒప్పుకోకండి. ఈ జబ్బులో రోజు దాటితే పొదుగు కండ గట్టిపడటం మొదలవుతుంది, ఆ కండ మళ్లీ పాలిచ్చే కండగా మారదు.

పాలు తాగడం గురించి. జబ్బు చన్ను పాలు ఎవరూ తాగకూడదు. మరగబెడితే సరిపోతుందిగా అంటారు. మరగబెడితే క్రిమి చస్తుంది నిజమే, కానీ స్టాఫైలోకాకస్ వదిలిన విషం మరుగుతో పోదు, వాంతులు, కడుపునొప్పి తెప్పిస్తుంది. యాంటీబయాటిక్ కూడా మరిగిస్తే పూర్తిగా పోదు. ఇక మిగతా మూడు చన్నులు. ఒక చన్నులో ఎక్కించిన మందు కొంత రక్తంలో కలిసి మిగతా చన్నుల పాలలోకి కూడా వస్తుంది, మెడకు వేసిన ఇంజెక్షన్ అయితే నాలుగింట్లోకీ వస్తుంది. కాబట్టి మందు వాడినన్నాళ్లూ, ఆఖరి మోతాదు తర్వాత మందు డబ్బా మీద రాసినన్ని రోజులూ ఏ చన్ను పాలూ ఇంట్లో వాడకండి, పాలకేంద్రానికి పోయకండి. చాలా ట్యూబులకు మూడు నాలుగు రోజుల గడువు ఉంటుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. మీ వంటింట్లోనే ఒక గుర్తు ఉంది. మందు ఉన్న పాలు తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదు. కానీ తోడుకున్నంత మాత్రాన మందు పూర్తిగా పోయిందని కూడా కాదు, గడువే లెక్క. పిల్లలకు అన్నాళ్లూ బయట ప్యాకెట్ కొనండి. నాలుగైదు రోజుల పాలు పోతాయన్న బాధ నాకూ తెలుసు, కానీ ఇందులో రాజీ పడే వీలు లేదు.

ఒక చిన్న హెచ్చరిక, తొలిచూలు పెయ్యలున్నవాళ్లకు. ఈనే ముందు, ఈనాక పొదుగు మొత్తం ఉబ్బుతుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది, పాలు మాత్రం బాగానే ఉంటాయి. అది నీరు చేరడం, జబ్బు కాదు, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. ఈనిన మొదటి రోజుల్లో పాలలో కాస్త ఎర్రజీర కనబడటం కూడా చాలాసార్లు సన్న నరాలు చిట్లడం వల్లే. వీటికి యాంటీబయాటిక్ ట్యూబులు ఎక్కించి లేని జబ్బు తెచ్చుకోకండి.

ఇప్పుడు రాకుండా చూసుకోవడం. పొదుగువాపు క్రిమి లోపలికి వచ్చే దారి దాదాపు ఎప్పుడూ ఒక్కటే, చన్నుకొన రంధ్రం. పాలు పిండిన తర్వాత అది అరగంట నుంచి గంటదాకా తెరుచుకుని ఉంటుంది. ఆ గంటలో ఆవు పేడలోనో మూత్రపు తడిలోనో పడుకుంటే క్రిమికి తలుపు తీసిపెట్టినట్టే. అందుకని పాలు పిండగానే ముందు పచ్చిగడ్డి వేయండి. దాణా పాలు పిండేటప్పుడే పెట్టేసి తర్వాత ఏమీ వేయకపోతే ఆవు వెంటనే పడుకుంటుంది. గడ్డి తింటూ నిలబడితే ఆ టైములో రంధ్రం మూసుకుంటుంది. ఇంతకన్నా చవకైన మందు నాకు తెలియదు.

రెండోది చన్నులు ముంచడం. పోవిడోన్ అయోడిన్ ద్రావణం నాలుగు వంతులు, గ్లిజరిన్ ఒక వంతు కలిపి సీసాలో పెట్టుకోండి. గ్లిజరిన్ లేకపోతే చన్నుల తోలు పగులుతుంది, ఆ పగుళ్లలో మళ్లీ క్రిములు చేరతాయి. పాలు పిండిన వెంటనే చిన్న కప్పులో పోసి నాలుగు చన్నులూ సగానికి పైగా మునిగేలా ముంచండి. కప్పులో మిగిలింది మళ్లీ సీసాలో పోయకండి. మందు చల్లితే కొనకు అన్ని వైపులా తగలదు, ముంచడమే మేలు. దూడ తాగే ఆవైతే దూడ తాగడం పూర్తయ్యాకే ముంచాలి. తర్వాతి పూట పిండేముందు మరవకుండా కడగాలి. మన దగ్గర పిండాక ఆముదమో వెన్నో రాసే అలవాటుంది, అది తోలుకు మంచిదే కానీ క్రిమిని చంపదు.

కడగడంలో పొరపాట్లు ఎక్కువ. చెంబెడు నీళ్లు పొదుగు మీద కొట్టి, చేత్తో ఒక రుద్దు రుద్ది, కారుతుండగానే పిండటం మొదలుపెడతారు. పొదుగు మీద మురికంతా నీళ్లతో జారి సరిగ్గా చన్నుకొన దగ్గరికే చేరుతుంది, అక్కణ్నుంచి పాలలోకి కూడా. పొదుగు మొత్తం తడపకండి, చన్నులు మాత్రం కడగండి. లేత గులాబీరంగు వచ్చేంత పర్మాంగనేట్ కలిపిన నీళ్లయితే ఇంకా మంచిది. తర్వాత ఉతికిన పొడిగుడ్డతో ఒక్కో చన్నూ తుడవండి. జబ్బు చన్ను తుడిచిన గుడ్డ వేరేగా ఉండాలి.

పిండే చేతి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బొటనవేలు మడిచి దాని కణుపుకూ వేళ్లకూ మధ్య చన్నును నొక్కి లాగే పద్ధతి మనవాళ్లలో చాలామందికి అలవాటు. ధార వేగంగా వస్తుంది, కానీ అదే చోట రోజూ రెండుపూటలా ఒత్తిడి పడి చన్ను లోపలి పొర నలుగుతుంది. ఇలా పిండే ఇళ్లలో కొన్నేళ్లకు చన్ను మధ్యలో గోలీలాంటి గడ్డ తగులుతుంది. చన్ను మొత్తం పిడికిట్లో పట్టి, పైన బొటనవేలు చూపుడువేలితో బిగించి, మిగతా వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి మూస్తూ పిండాలి. లాగకూడదు, నొక్కాలి. గోళ్లు కత్తిరించుకోండి. వేళ్లు పాలలో ముంచుకుని తడి చేసుకునే అలవాటు ఉంటే మానండి, ఆ తడి చేతుల మీంచి జారి చన్నుకొనలోకే పోతుంది. ఆవు చేపాక ఐదు నుంచి ఏడు నిమిషాల్లో పని అయిపోవాలి. చేపించే హార్మోను ప్రభావం అంతసేపే. మధ్యలో ఫోన్ వచ్చిందని లేచారో, పాలు లోపలే మిగిలిపోతాయి. పాలు పితికే టైములో అరుపులు, కుక్కలు, కొత్తమనుషులు లేకుండా చూడండి, బెదిరిన ఆవు పాలు బిగబడుతుంది. ఇంట్లో రెండో ఆవు ఉంటే జబ్బున్నదాన్ని ఆఖర్న పిండండి, ఒకే ఆవైతే జబ్బు చన్నును ఆఖర్న.

ఇంతకీ జబ్బు బయటపడకముందే పట్టుకోవచ్చు. తరకలు కనిపించేది కొన్నిటికే. వాపు లేకుండా, పాలు చూడ్డానికి తెల్లగానే ఉంటూ లోపల క్రిమి ఉన్న ఆవులు వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పాలు నెమ్మదిగా తగ్గుతాయి, కేంద్రంలో వెన్న కాని ఘనపదార్థాల శాతం పడిపోతుంది, పాలు కాస్త ఉప్పగా తగులుతాయి, కాస్తుంటే విరుగుతాయి. మీరేమో దాణా మార్చి చూస్తుంటారు. రోజూ పిండే ముందు ప్రతి చన్ను నుంచీ మొదటి రెండు ధారలు నల్లగుడ్డ బిగించిన గిన్నెలోకి పట్టండి. సన్నని తరకయినా నల్లగుడ్డ మీద కనబడుతుంది. వారానికోసారి సబ్బుపొడి పరీక్ష చేయండి. అరలీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి పెట్టుకుని, ఒక్కో చన్ను పాలకు సమానంగా ఆ నీళ్లు పోసి పళ్లెంలో గుండ్రంగా తిప్పండి. మంచి పాలు పలచగానే ఉంటాయి. జబ్బు పాలు నిమిషంలోపే జిగురులా చిక్కబడతాయి. క్రిమితో పోరాడటానికి వచ్చిన తెల్లకణాలను సబ్బు పగలగొట్టడం వల్ల ఆ జిగురు వస్తుంది. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందూ మంచి పాలు కూడా కొంచెం చిక్కబడొచ్చు. నాలుగు చన్నుల్లో ఒకటే తేడాగా ఉంటే దాన్ని అనుమానించండి.

కొట్టం నేల పొడిగా ఉండాలి, వానాకాలంలో ఇంకా. ఈ.కోలి లాంటి క్రిములు పేడలోనే ఉంటాయి, వాటిని పూర్తిగా లేకుండా చేయలేం, తడి తగ్గించగలం. మూత్రం నిలవకుండా వాలు, వారానికి రెండుసార్లు పొడి సున్నం, కాళ్ల కింద ఇసుకో మ్యాటో. మ్యాటు వేస్తే దాని కింద కూడా కడగాలి. ఖనిజలవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు దాణాలో కలపండి. అందులోని జింకు, రాగి తోలుకూ రోగనిరోధకశక్తికీ కావాలి. గాలికుంటు టీకా మానకండి, ఆ జబ్బులో చన్నుల మీద లేచే పొక్కులు పొదుగువాపుకు దారి తీస్తాయి. ముద్దచర్మ వ్యాధి వచ్చినప్పుడూ అదే చూశాం.

ఇంత చేసినా మీ ఆవు వెనక కుడి చన్ను మళ్లీ మళ్లీ తిరగబెడుతుందనుకుందాం. ల్యాబ్‌లో స్టాఫైలోకాకస్ ఆరియస్ అని వచ్చి, పొదుగులో గట్టి ముద్దలు తగులుతుంటే, ఈ ఈతలో దానికి పదేపదే ట్యూబులు పోయడం నేనైతే చేయను. డాక్టరుతో మాట్లాడి ఆ ఒక్క చన్నును ఎండగట్టేయొచ్చు. మూడు చన్నుల ఆవు ఇంటికి సరిపడా పాలు ఇస్తుంది, మిగతావి కొంత పాలు పెంచుకుంటాయి కూడా. సంతకు తోలి, జబ్బు చెప్పకుండా ఇంకొకరికి అంటగట్టే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

పొదుగులో పాత జబ్బును కడిగేయడానికి అన్నిటికన్నా మంచి అదను ఆవు వట్టిపోయే సమయం. ఎదసూది వేయించిన తేదీ గోడ మీదో క్యాలెండర్ మీదో రాసిపెట్టండి. చూడి ఏడు నెలలు నిండగానే, అంటే ఈనడానికి రెండు నెలల ముందు, పాలు పిండటం ఆపాలి. దాణా తగ్గించి, ఒక రోజు పూర్తిగా పిండేసి, అదే పూట నాలుగు చన్నుల్లోకీ వట్టిపోయిన ఆవులకని ప్రత్యేకంగా వచ్చే ట్యూబులు ఎక్కించాలి. అవి వారాల తరబడి లోపల నిలిచి పనిచేస్తాయి కాబట్టి, పాలిచ్చే ఆవుకు ఎక్కించకూడదు. నాలుగూ చేసేటప్పుడు ఒక చిట్కా ఉంది. స్పిరిట్‌తో తుడవడం మీకు అవతలివైపున్న చన్నులతో మొదలుపెట్టండి, మందు ఎక్కించడం ఇవతలివాటితో మొదలుపెట్టండి. అలా అయితే తుడిచిన చన్నుకు మీ మోచేయి తగలదు. ఆ తర్వాత రెండు వారాలూ, ఈనే ముందు రెండు వారాలూ పొదుగును రోజూ ఒకసారి చూడండి, పాలు పిండటం లేదు కదా అని ఎవరూ చూడని రోజులవి. ఒక చన్ను మిగతావాటికన్నా పెద్దగా కనిపించినా, వేడిగా తగిలినా అప్పుడే డాక్టరుకు చెప్పండి. ఈసారి సీసాలో పాలు తీశాక, రిజల్టు వచ్చాక ఏ క్రిమి అని తేలిందో, డాక్టరు ఏ మందు ఎన్ని రోజులు రాశారో ఇక్కడే చెప్పండి, అప్పుడు మిగతాది మాట్లాడుకుందాం.